కూలెంట్ లీకు, పాత కార్లలో: ఆచూకీ తీసే పద్ధతులు

నిర్వచనం, పరిధి

ఇంజన్‌లో పుట్టిన వేడిని రేడియేటర్‌కు చేరవేసే ద్రవం, తాను తిరిగే మూసి ఉన్న వలయం నుంచి బయటికి గాని, ఇంజన్ లోపలికి గాని పోవడాన్ని కూలెంట్ లీకు అంటారు. నేల మీద మడుగు కట్టేంత లీకును వెతకనక్కర లేదు, అది తానే కనిపిస్తుంది. కొన్నాళ్లకొకసారి పావు లీటరో అర లీటరో పోయాల్సి వస్తూ, పైపులు మార్చినా, క్లిప్పులు బిగించినా మళ్లీ తగ్గిపోయేది మొండి లీకు. ఈ వ్యాసం ప్రధానంగా దాని గురించి. ఉదాహరణలు కృష్ణా జిల్లా పామిడిముక్కల మండలం, దాని చుట్టూ ఉన్న ఉయ్యూరు, పామర్రు, గుడివాడ, మచిలీపట్నం, దివిసీమ ప్రాంతాల నీటికీ, గాలికీ, రోడ్లకీ సంబంధించినవి.

చిన్న కార్లలో తిరిగే ద్రవం మొత్తం 4 లీటర్ల ప్రాంతంలోనే ఉంటుంది. అందులో లీటరు తగ్గితే ఇంజన్ పైభాగమైన హెడ్డు దగ్గర ఆవిరి బుడగ చేరుతుంది. ఉష్ణోగ్రత చెప్పే సెన్సర్‌కు నీళ్లు తగలకపోతే డాష్‌బోర్డు మీద ముల్లు మామూలుగానే ఉండి, లోపల ఇంజన్ కాలిపోతూ ఉండవచ్చు. చిన్న లీకును నిర్లక్ష్యం చేయకూడదనడానికి ఇదే అసలు కారణం.

చరిత్ర

1886 నాటి కార్ల్ బెంజ్ మోటారు బండిలో నీరు మరిగి ఆవిరైపోతూనే ఇంజన్‌ను చల్లబరిచేది. నీరు తగ్గడం అక్కడ లోపం కాదు, పద్ధతే అంత. విల్హెల్మ్ మేబాక్ రూపొందించిన తేనెపట్టు గళ్ల రేడియేటర్ 1901 నాటి మెర్సిడెస్ 35 హెచ్‌పీ కారుకు అమరాక, అదే నీటిని మళ్లీ మళ్లీ తిప్పడం తేలికైంది. ఫోర్డ్ మోడల్ టీ కార్లలో చాలావాటికి నీటి పంపు లేదు. వేడి నీరు పైకి లేచి, చల్లనిది కిందికి దిగే సహజ ప్రవాహమే దానికి ఆధారం. తరవాతి కాలంలో పంపు, థర్మోస్టాట్, ఒత్తిడిని పట్టి ఉంచే మూత వచ్చాయి. ఇథిలీన్ గ్లైకాల్ కలిపిన ద్రవం వాడకంలోకి వచ్చింది. ఒత్తిడితో పనిచేసే వలయం ఇంజన్‌కు మేలు చేసింది గాని, ప్రతి అతుకూ ప్రతి రబ్బరూ ఆ ఒత్తిడిని మోయాల్సి వచ్చింది.

భారతదేశంలో పాత కార్లంటే ముందు గుర్తొచ్చేవి పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తర్‌పారాలో 2014 వరకు తయారైన అంబాసిడర్, బొంబాయి నుంచి వచ్చిన ప్రీమియర్ పద్మిని. బీఎంసీ 1489 సీసీ ఇంజన్ ఉన్న అంబాసిడర్‌కు బ్లాకూ హెడ్డూ రెండూ పోత ఇనుమే. రేడియేటర్ రాగి, ఇత్తడి. కారిన చోట మాటు వేస్తే సరిపోయేది. 1983 డిసెంబరు 14న తొలి తాళం చెవి చేతులు మారిన మారుతి 800తో అల్యూమినియం హెడ్డు, కరెంటు ఫ్యాను ఊళ్లలో విరివిగా వ్యాపించాయి. ఆ తరవాతి తరం కార్లకు అల్యూమినియం గొట్టాలు, ప్లాస్టిక్ ట్యాంకు కలిసిన రేడియేటర్లు మామూలయ్యాయి. వీటికి మాటు పనిచేయదు.

మోటారు వాహనాల చట్టం ప్రకారం కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు చెల్లుతుంది, ఆ తరవాత తనిఖీ చేయించి 5 ఏళ్లకొకసారి పొడిగించుకోవచ్చు. అలా పొడిగించుకున్న కార్లే ఈ వ్యాసంలోని పాత కార్లు.

ఒత్తిడి, ఉష్ణోగ్రత, మూత

నీరు 30 డిగ్రీల నుంచి 90 డిగ్రీల సెల్సియస్‌కు వేడెక్కితే దాని ఘనపరిమాణం సుమారు 3 శాతం పెరుగుతుంది. 4 లీటర్ల వలయంలో అది 120 మిల్లీలీటర్ల పైమాటే. ఈ పెరుగుదల రేడియేటర్ మూతలోని ఒత్తిడి వాల్వును నెట్టుకుని రిజర్వు డబ్బాలోకి పోతుంది. ఇంజన్ చల్లారాక మూతలోని రెండో చిన్న వాల్వు తెరుచుకుని ఆ నీటిని వెనక్కి పీల్చుకుంటుంది. మూత మీద 0.9 అని ఉంటే, అది గాలి పీడనానికి అదనంగా దాదాపు 0.9 బార్ పట్టి ఉంచుతుందని అర్థం. ఆ ఒత్తిడిలో నీరు 100 డిగ్రీల దగ్గర కాక 118 డిగ్రీల ప్రాంతంలో మరుగుతుంది.

దీన్నుంచి రెండు సంగతులు తేలతాయి. మూత బలహీనపడితే ఎక్కడా చిల్లు లేకుండానే నీరు మరిగి పోతుంది. రిజర్వు డబ్బా నిండుగా ఉండి రేడియేటర్‌లో మట్టం తగ్గుతూ ఉంటే, వెనక్కి పీల్చే వాల్వో, మూత రబ్బరో, డబ్బాకు వెళ్లే సన్నపైపో గాలి తీసుకుంటోందని అనుమానించాలి. మూత వంటి చవకైన వస్తువు ఇంజన్ మొత్తాన్ని కాపాడుతోందని గుర్తుంచుకుంటే, వెతుకులాట ఏదైనా మూతతోనే మొదలవుతుంది. కంపెనీ చెప్పినదానికన్నా ఎక్కువ ఒత్తిడి మూత పెట్టడం మాత్రం పాత రేడియేటర్ అతుకుల్ని విప్పడమే.

లీకు సమయాన్ని బట్టి రకాలు

మొండి లీకు దొరకకపోవడానికి ముఖ్య కారణం, అది కారే పరిస్థితి వేరు, షెడ్డులో మనం చూసే పరిస్థితి వేరు. కారు షెడ్డుకు చేరి, ఇంజన్ ఆగి, బానెట్ తెరిచేసరికి ఒత్తిడి తగ్గుతుంది, తడి ఆరిపోతుంది. అందువల్ల ఎక్కడ కారుతోందని అడిగే ముందు ఎప్పుడు కారుతోందని అడగాలి.

చల్లగా ఉన్నప్పుడే కారేవి ఎక్కువగా హోస్ పైపుల చివర్లు. రాత్రి చల్లారినప్పుడు రబ్బరు, లోహం, క్లిప్పు ఒకే తీరున కుంచించుకోవు. ఏళ్ల తరబడి వేడికి గట్టిపడ్డ రబ్బరు లోహపు మూతి మీద వదులై, తెల్లవారేసరికి కొన్ని చుక్కలు వదులుతుంది. ఇంజన్ వేడెక్కగానే అతుకు మళ్లీ పట్టేస్తుంది. పగటి పూట షెడ్డులో ఎంత చూసినా ఇది కనపడదు.

వేడిగా, పూర్తి ఒత్తిడిలో ఉన్నప్పుడే కారేవి రేడియేటర్ గొట్టాల్లోని సూది బెజ్జాలు, ప్లాస్టిక్ ట్యాంకు మీద వెంట్రుక వాసి పగుళ్లు, హెడ్డుకూ బ్లాకుకూ మధ్య ఉండే హెడ్ గ్యాస్కెట్ అంచులు. ఇవి కార్చిన నీరు వేడి లోహం మీదే ఆవిరైపోతుంది కాబట్టి నేల తడవదు. మిగిలేది తెల్లటి లేదా కూలెంట్ రంగు మరక ఒక్కటే.

ఇంజన్ తిరుగుతున్నప్పుడే కారేది నీటి పంపు. మెకానిక్కులు వాటర్ బాడీ అని పిలిచే ఈ భాగంలో కార్బన్, సెరామిక్ ముఖాలు ఒకదాని మీద ఒకటి ఒరుసుకుంటూ నీటిని ఆపుతాయి. ఆ సీలు అరిగితే నీరు బేరింగులోకి పోకుండా బయటికి వచ్చేందుకు కింద ఒక చిన్న రంధ్రం ఉంచుతారు. దాని చుట్టూ లేత మరక ఉండటం మామూలే. రంధ్రం తడిగా ఉన్నా, బెల్టు తీసి పుల్లీని అటూ ఇటూ ఊపితే ఆట కనిపించినా పంపు మార్చాలి. ఈ నీటిని తిరిగే బెల్టు విసిరి కొడుతుంది. అందుకే తడి పంపు దగ్గర కాక, పక్కనున్న ఆల్టర్నేటర్ మీదో బానెట్ అడుగునో కనపడుతుంది.

పరిమాణం గురించి ఒక లెక్క. 5 సెకన్లకు ఒక చుక్క అంటే గంటకు 720 చుక్కలు. మిల్లీలీటరుకు 20 చుక్కల చొప్పున 36 మిల్లీలీటర్లు. విజయవాడ నుంచి మచిలీపట్నానికి సుమారు 70 కిలోమీటర్లు వెళ్లి వచ్చేసరికి వంద మిల్లీలీటర్లు పోవచ్చు, కింద ఒక్క చుక్కా పడకపోవచ్చు.

లీకయ్యే చోట్లు

పై హోసు, కింది హోసు, రేడియేటర్ అతుకు, కింది డ్రెయిన్ కాకు, థర్మోస్టాట్ గూడు గ్యాస్కెట్: వీటిని ఎవరైనా చూస్తారు. మొండి లీకులు ఎక్కువగా చూడని చోట్లలో ఉంటాయి.

ఇంజన్ బ్లాకు పోత పోసేటప్పుడు లోపలి ఇసుక తీయడానికి వదిలిన గుండ్రటి రంధ్రాలను రేకు మూతలతో మూస్తారు. వీటిని డమ్మీ ప్లగ్గులంటారు. నీటితోనే ఏళ్లు నడిచిన ఇంజన్‌లో ఇవి లోపలి నుంచి తుప్పు తిని పలచబడతాయి. మానిఫోల్డు వెనక ఉన్నది అద్దం పెట్టి చూస్తే గాని కనపడదు. ఫ్లైవీల్ వైపు ఉన్నదానికి గేరుబాక్సు దించాల్సిందే.

క్యాబిన్ హీటర్ మరో మరిచిపోయిన భాగం. కోస్తాలో హీటర్ వాడేవారు అరుదు. వాడకపోయినా చాలా కార్లలో దాని పైపుల్లో నీరు, ఒత్తిడి ఉంటాయి. ముందు సీటు కింద చాప తడవడం, అద్దం లోపలివైపు జిడ్డు ఆవిరి పట్టడం, తీపి వాసన దీని గుర్తులు. గ్యాసు కిట్టు బిగించిన పాత మారుతి వ్యాన్లు, 800లలో ఇంకొక చోటు చూడాలి. గ్యాసును ఆవిరి చేసే రెడ్యూసర్‌కు వేడి నీరు ఇవ్వడానికి హీటర్ పైపులను కోసి టీ ముక్కలు పెడతారు. కార్ల కంపెనీ ఇచ్చిన పటంలో ఈ అతుకులు ఉండవు కాబట్టి, మాన్యువల్ చూసి వెతికేవారికి అవి దొరకవు.

లీకుగా పొరబడేవి

కృష్ణా డెల్టా గాలిలో తేమ ఎక్కువ. ఏసీ నడిచే కారు కింద ఎడమ ముందు భాగంలో ధారగా నీరు పడటం ఇక్కడ సహజం. అది రంగు, జిడ్డు, వాసన లేని నీరు. వేళ్ల మధ్య రుద్దితే కూలెంట్ జారుడుగా ఉంటుంది, ఏసీ నీరు ఉండదు. రుచి చూసి తేల్చే అలవాటు ప్రమాదకరం (చూ. భద్రత). రేడియేటర్‌ను మూతి దాకా నింపి, రిజర్వు డబ్బాను కూడా గీత దాటించి పోస్తే వేడెక్కాక పొంగి పోయేదీ లీకు కాదు. మరమ్మతు తరవాత లోపల మిగిలిన గాలి బయటపడుతూ ఒకటి రెండు రోజులు మట్టం తగ్గడం కూడా అంతే.

పరీక్షలు

మొదటి మెట్టు ఖర్చు లేనిది. ఇంజన్ బయటి భాగాన్ని కడిగి ఆరబెట్టి, మట్టం గుర్తు పెట్టి, రాత్రంతా కారు కింద తెల్లటి అట్ట పరచాలి. చుక్క పడిన చోటు లీకు చోటు కాదు. ద్రవం ఇంజన్ ఒంటి మీదుగా కిందికీ, కారు వేగానికి వెనక్కీ పాకుతుంది. చుక్కకు నేరుగా పైకి, తరవాత ముందుకు వెతుకుతూ తడిలో అన్నిటికన్నా ఎత్తున ఉన్న చోటు పట్టుకోవాలి. అనుమానమున్న చోట సుద్ద పొడి గాని, పౌడరు గాని చల్లితే జాడ తేటగా తెలుస్తుంది.

రెండోది ఒత్తిడి పరీక్ష, అన్నిటిలోకీ నమ్మదగినది. ఇంజన్ చల్లగా ఉండగా మూత స్థానంలో మీటరున్న చేతి పంపు బిగించి, మూత మీద రాసిన ఒత్తిడి వరకు మాత్రమే కొట్టి వదిలేయాలి. పావు గంటలో ముల్లు దిగకపోతే సరే అనుకోవడం తొందరపాటు. మొండి లీకుకు అరగంట ఇవ్వాలి, ఇంజన్ వేడెక్కించి మళ్లీ చూడాలి, మర్నాడు పొద్దున్నే ఇంకోసారి చూడాలి. ముల్లు దిగుతూ బయట ఎక్కడా తడి లేకపోతే లీకు లోపలికి పోతోందన్నమాట. మూతను కూడా అదే పంపుతో విడిగా పరీక్షిస్తారు.

మూడోది రంగు పరీక్ష. అతినీలలోహిత కాంతిలో మెరిసే రంగును కూలెంట్‌లో కలిపి, కొన్ని రోజులు మామూలుగా కారు నడిపి, చీకట్లో ప్రత్యేక దీపంతో చూస్తారు. వేడిలో ఆవిరైపోయే లీకులకు ఇది మేలైన పద్ధతి, ఎందుకంటే నీరు పోయినా రంగు అక్కడే ఉంటుంది. రేడియేటర్‌నే అనుమానిస్తే దాన్ని విప్పి, మూతులు బిగించి, నీటి తొట్టిలో ముంచి తక్కువ ఒత్తిడితో గాలి కొడితే బుడగలు చోటు చెబుతాయి. రేడియేటర్ పనివారు తరతరాలుగా చేస్తున్నది ఇదే.

లోపలి లీకు, హెడ్ గ్యాస్కెట్

బయట తడి లేకుండా నీరు తగ్గితే అది సిలిండర్‌లోకి, ఆయిల్‌లోకి, లేదా సైలెన్సర్ దారిలోకి పోతోంది. పొద్దున స్టార్టు చేయగానే ఒక సిలిండర్ కాసేపు పట్టకపోవడం, వేడెక్కాక కూడా ఆగని తెల్లటి తీపి వాసన పొగ, ఆయిల్ కర్ర మీద తెల్లటి నురగ, నాలుగింటిలో ఒక స్పార్క్ ప్లగ్గు మాత్రమే కడిగినట్టు శుభ్రంగా ఉండటం ప్రధాన లక్షణాలు. చలి రోజుల్లో సైలెన్సర్ నుంచి కాసేపు వచ్చే ఆవిరిని దీనితో కలపకూడదు. ఆయిల్ మూత అడుగున కొద్దిపాటి నురగ దగ్గర దగ్గర ప్రయాణాలు చేసే కార్లలో గాలిలోని తేమ వల్ల కూడా పడుతుంది. ఒక్క గుర్తును పట్టుకుని హెడ్డు విప్పించడం తగదు.

నిర్ధారణకు నీలి ద్రవం పరీక్ష ఉంది. రేడియేటర్ మూతి దగ్గరి గాలిని ఆ ద్రవం గుండా పీల్చినప్పుడు, మండిన వాయువుల్లోని కార్బన్ డయాక్సైడ్ కలిస్తే అది పసుపు రంగుకు తిరుగుతుంది. పక్కపక్కనున్న రెండు సిలిండర్లలో కంప్రెషన్ తక్కువగా ఉంటే వాటి మధ్య గ్యాస్కెట్ పోయినట్టే.

పాత కార్లలో ఇది ఎందుకు జరుగుతుందంటే, అల్యూమినియం పోత ఇనుముకన్నా దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుంది. 30 సెంటీమీటర్ల హెడ్డు 70 డిగ్రీలు వేడెక్కితే ఇనుప బ్లాకుకన్నా పావు మిల్లీమీటరు దాకా అదనంగా సాగబోతుంది. వేల సార్లు ఇలా ఒరుసుకున్న గ్యాస్కెట్ చివరికి దారి ఇస్తుంది. హెడ్డు విప్పాక సూటి బద్దతో, ఫీలర్ గేజితో వంపు చూడకుండా కొత్త గ్యాస్కెట్ వేయడం డబ్బు దండగ. చాలా చిన్న ఇంజన్లలో 0.05 మిల్లీమీటర్లకు మించిన వంపును అనుమతించరు. అంతకు మించితే లేతు షాపులో ఫేసింగ్ చేయించాలి.

దిగువ కృష్ణా డెల్టా పరిస్థితులు

పామిడిముక్కల మండలం విజయవాడ–మచిలీపట్నం జాతీయ రహదారి మీద, ఉయ్యూరు, పామర్రుల నడుమ కృష్ణా కాలువల కింద సాగయ్యే నేల. సముద్రం వైపు, ముఖ్యంగా మచిలీపట్నం పరిసరాల్లోనూ దివిసీమలోనూ, చాలాచోట్ల బోరు నీరు ఉప్పన. కాలువ నీటిలో ఒండ్రు. కాలువలు కట్టేసే వేసవిలో బోరే దిక్కు, రోహిణి కార్తెలో ఇంజన్లు ఎక్కువ వేడెక్కేదీ అప్పుడే. రోడ్డు పక్క ఏ నీళ్లు దొరికితే అవి పోయడం ఈ కాలంలోనే ఎక్కువగా జరుగుతుంది.

ఉప్పు నీటిలోని క్లోరైడు అల్యూమినియం మీది రక్షణ పొరను ఛేదించి చుక్కలు చుక్కలుగా తొలుస్తుంది. కాఠిన్యమున్న నీటిలోని సున్నం హెడ్డు వంటి వేడి చోట్ల పేరుకుని వేడి దిగకుండా అడ్డుపడుతుంది. ఒండ్రు కిందిభాగపు గొట్టాల్లో కూర్చుంటుంది. పైనుంచి ఉప్పుగాలి రేడియేటర్ రెక్కల్ని తినేస్తుంది. నూర్పిళ్ల రోజుల్లో రోడ్ల మీది పొట్టు, రాత్రి ప్రయాణాల్లో పురుగులు ఆ రెక్కల మధ్య ఇరుక్కుని గాలిని ఆపుతాయి. చెరకు బండ్ల వెనక నెమ్మదిగా కదిలేటప్పుడు ఒత్తిడి పెరిగి, మామూలు రోజుల్లో నిలిచిన అతుకు ఆ రోజు కారుతుంది. కోతలయ్యాక పొలాల్లోంచి ఇళ్లకు చేరే ఎలుకలు హోసుల్ని, వైర్లని కొరకడం కూడా ఇక్కడి కారణాల్లో ఒకటి. దంతాల గాట్లు పైపు అడుగువైపు ఉంటే చేత్తో తడిమితేనే తెలుస్తాయి.

డిస్టిల్డ్ వాటర్ పెట్రోలు బంకుల్లో, బ్యాటరీ షాపుల్లో దొరుకుతుంది. ప్లాంటు నుంచి తెచ్చే తాగునీటి క్యాను అంతకన్నా తక్కువ స్థాయిదే అయినా బోరు నీటికన్నా నయం. ఐఎస్ 5759 లేదా జేఐఎస్ కె 2234 ప్రమాణం రాసి ఉన్న కూలెంట్‌ను సగం సగం కలిపి వాడటం మంచి పద్ధతి. గడ్డకట్టే చలి లేని చోట కూలెంట్ ఎందుకనే వాదన ఇక్కడ తరచూ వినిపిస్తుంది. కూలెంట్‌లో తుప్పు నిరోధకాలున్నాయి, ఈ నేలకు కావలసింది అవే. రంగును చూసి రకాన్ని నిర్ణయించకూడదు, రంగులకు ఏ ప్రమాణమూ లేదు. మాటు వేసిన రాగి, ఇత్తడి రేడియేటర్లకు సిలికేటు ఆధారిత పాత రకం క్షేమం.

నీళ్లతోనే నడిచిన ఇంజన్‌లో కొత్త కూలెంట్ పోయగానే లీకు మొదలైందనే ఫిర్యాదులో నిజం ఉంది. చిల్లుల్ని కప్పి ఉంచిన తుప్పూ సున్నమూ కరిగిపోవడమే దానికి కారణం. తప్పు కొత్త ద్రవానిది కాదు.

తాత్కాలిక ఉపాయాలు

రేడియేటర్‌లో పసుపు వేయడం లారీ డ్రైవర్లలో ఎప్పటి నుంచో ఉన్న ఉపాయం. నూరిన పొడి సూది బెజ్జంలో ఇరుక్కుని కాసేపు ఆపుతుంది. షాపుల్లో దొరికే లీకు మందులదీ ఇదే సూత్రం. ఊరు చేరడానికి పనికొస్తాయి గాని, ఆ పదార్థం సన్నటి హీటర్ గొట్టాల్లోనూ రేడియేటర్‌లోనూ పేరుకుంటుంది. ప్లాస్టిక్ ట్యాంకు పగులుకు ఎం-సీల్ పూయడం కూడా అంతే, వేడికి ప్లాస్టిక్ సాగినప్పుడు ఊడుతుంది. ఎండల పేరుతో థర్మోస్టాట్‌ను తీసేయడం వీటన్నిటిలోకీ హానికరమైన అలవాటు. లీకు పోదు, ఇంజన్ చేరవలసిన ఉష్ణోగ్రతకు చేరదు, పెట్రోలు ఎక్కువ తాగుతుంది.

మరమ్మతు, తరవాతి గమనింపు

ఒక చోటు బాగు చేసిన వెంటనే ఇంకొక చోట కారడం పాత కార్లలో సాధారణం. అప్పటిదాకా లీకు వల్ల వలయంలో పూర్తి ఒత్తిడి నిలవలేదు. నిలిచిన మరుక్షణం తరవాతి బలహీనమైన అతుకు బయటపడుతుంది. దీన్ని మెకానిక్ చేసిన తప్పుగా భావించడం అన్యాయం. ఒకే వయసున్న హోసులన్నిటినీ, క్లిప్పులనూ, మూతనూ ఒకేసారి మార్చడం ఈ వెతుకులాటను తగ్గిస్తుంది. ఉయ్యూరు, గుడివాడలలో దొరకని పాత మోడళ్ల భాగాలకు విజయవాడ జవహర్ ఆటోనగర్ ఆధారం. అక్కడ పాత రేడియేటర్‌కు కొత్త గళ్ల పలక వేసి ఇచ్చే పనివారూ ఉన్నారు.

పని పూర్తయ్యాక హీటర్ మీటను వేడి వైపు పెట్టి, మూత తీసి, ఫ్యాను ఒకటి రెండు సార్లు తిరిగేదాకా ఇంజన్‌ను నడిపి గాలి తీయాలి. తరవాత కొన్ని వారాలు, ప్రతి పొద్దుటా ఇంజన్ చల్లగా ఉండగా, చదునైన నేల మీద మట్టం చూడాలి.

భద్రత

వేడిగా ఉన్నప్పుడు మూత తీస్తే ఒత్తిడి ఒక్కసారిగా పోయి, 100 డిగ్రీలు దాటిన నీరు ముఖం మీదికి చిమ్ముతుంది. పై హోసును గుడ్డతో పట్టి నొక్కితే మెత్తగా ఉండేదాకా ఆగాలి. కరెంటు ఫ్యాను ఉన్న కార్లలో ఇంజన్ ఆపినా ఫ్యాను తనంతట తాను తిరగవచ్చు. ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉండే విషం. పెద్దవారికి కూడా సుమారు 100 మిల్లీలీటర్లు ప్రాణాంతకం కాగలవు. కుక్కలు, పిల్లులు, దూడలు నాకకుండా కారిన ద్రవాన్ని ఇసుక వేసి ఎత్తాలి. పాత కూలెంట్‌ను పంట కాలువలోనో చేపల చెరువు గట్టునో పారబోయకుండా, మూత ఉన్న డబ్బాలో పట్టి, వాడిన ఆయిల్ తీసుకునే షెడ్డుకు అప్పగించాలి.